108 చేరడం అంటే ఎక్కడికి చేరడం?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా, హైటెక్ సిటీ పరిసరాల్లో పనిచేస్తున్న గిరిజన ఉద్యోగులు, కార్మికుల సమావేశంలో మా ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

ఆటపాటల మధ్యలో ఆంబులెన్సు గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. గుస్సాడీ చూడాలని పిల్లలు ఎదురుచూస్తున్నారని మాకు తెలుసు. అయినా ఈ మాట చెప్పడానికి మనవాళ్లందరూ ఒకచోట కూడే రోజు ఇంకోటి లేదు. గోండు, కోయ, లంబాడి, ఎరుకల, చెంచు అని తేడా లేకుండా ఇంతమందిమి ఒకే షామియానా కింద కూర్చోవడమే ఈ మధ్య అరుదైపోయింది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

రెండు సంగతులు చెప్తాం. రెండూ మనవాళ్లవే. పేర్లు చెప్పం.

మొదటిది ఇక్కడిది. పాలమూరు వైపు తండా నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఈ కారిడార్‌లోని ఒక పెద్ద భవనంలో సెక్యూరిటీ గార్డు. రాత్రి రెండున్నరకు మూడో బేస్‌మెంట్‌లో కూలబడ్డాడు. నోరు ఒక పక్కకు పోయింది. పక్కనున్న గార్డు ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ర్యాంపు మీదుగా పరుగెత్తి పైకి వచ్చి 108కి కొట్టాడు. అడ్రసు చెప్పమన్నారు. ఆ క్యాంపస్‌లో మూడు టవర్లు, రెండు గేట్లు. ఏ టవరుకు ఏ గేటో కొత్తగా చేరిన ఆ పిల్లాడికి తెలియదు. ఎలాగో చెప్పాడు. బండి పన్నెండు నిమిషాల్లో గేటు దగ్గరికి వచ్చింది. రావడంలో ఆలస్యం లేదు, ఆ పైలట్‌కి, టెక్నీషియన్‌కి దండం పెట్టాలి. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. గేటు దగ్గర బండి నంబరు రాయించమన్నారు. సూపర్‌వైజరు ఫోన్ ఎత్తలేదు. ర్యాంపు ఎత్తు చాలక ఆంబులెన్సు కిందికి దిగలేదు. స్ట్రెచర్ లిఫ్టులో పడుకోబెట్టే పొడవుకు పట్టలేదు. చివరికి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి పైకి తెచ్చారు. గేటు నుంచి మనిషి దాకా పందొమ్మిది నిమిషాలు! ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి మాత్రం లేవడం లేదు. ఇప్పుడు తండాలోనే ఉంటున్నాడు.

రెండోది ఉట్నూరు ఏజెన్సీది. మాలో ఒకరి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. శ్రావణమాసం, వాగు పొంగింది. 108 వచ్చింది, కానీ వాగు అవతలి ఒడ్డు దాకా. గూడెం నుంచి వాగు దాకా ఎడ్లబండి మీద, వాగులో మంచం మీద పడుకోబెట్టి, నలుగురు నడుముల లోతు నీళ్లలో మోశారు. బిడ్డ ఈవలి ఒడ్డునే పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ పాపే ఇందాక మీ ముందు కోలాటం ఆడింది.

ఈ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. రెండు చోట్లా బండి టైముకే వచ్చింది. రెండు చోట్లా లెక్కలో ‘చేరింది’ అనే పడి ఉంటుంది. కానీ మనిషి దగ్గరికి మాత్రం చేరలేదు. ఒకచోట గేటు దగ్గర ఆగింది, ఇంకోచోట వాగు దగ్గర. అద్దాల మేడకూ ఆకుల గుడిసెకూ మధ్య ఇంత దూరం ఉందనుకుంటాం గానీ, రోగికీ ఆంబులెన్సుకూ మధ్య మిగిలిపోయే ఆ చివరి అర కిలోమీటరు విషయంలో రెండూ ఒకటే.

మేము ఇవాళ అడుగుతున్నది ఇదే. రాష్ట్రంలో అత్యవసర వైద్య సేవల నిబంధనలు కొత్తగా రాయాలి. అందులో ‘చేరడం’ అంటే రోడ్డు చివరికి కాదు, రోగి దగ్గరికి అని రాయాలి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 108 పుట్టింది మన ఊళ్లోనే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సత్యం రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ దాన్ని నడిపింది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలాక కూడా ఆ సేవ ఆగలేదు, జీవీకే చేతికి వెళ్లింది. సత్యం సంగతి ఎలా ఉన్నా ఆ మూడంకెలు మాత్రం నిలబడ్డాయి. ఒకే నంబరు, డబ్బు అడగని బండి, లోపల శిక్షణ పొందిన మనిషి. అంతకుముందు మన గూడేల్లో ఆంబులెన్సు అనే మాట సినిమాల్లో విన్నదే. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత ఏడేళ్లకు ఈ నగరం నుంచే దేశానికి 108 వెళ్లింది. సాఫ్ట్‌వేర్ కన్నా అదే గొప్ప ఎగుమతి అని మాలో కొందరి అభిప్రాయం.

అయితే ఒక చిక్కు ఉంది. 2007లో ఇదే పద్ధతి గుజరాత్‌కి వెళ్లింది. అదే ఏడాది గుజరాత్ అత్యవసర వైద్య సేవల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుంది. సేవ పుట్టిన మన దగ్గర మాత్రం 108 నడిచేది ప్రభుత్వానికీ నిర్వహణ సంస్థకూ మధ్య ఒప్పందం మీద. ఒప్పందం ఆ ఇద్దరి మధ్యది. అందులో ఏం రాసుకున్నారో గూడెంలో మనిషికి తెలియదు, తెలిసినా దాన్ని పట్టుకుని అడిగే వీలు తక్కువ. చట్టం అయితే మనదీ అవుతుంది.

చట్టం ఎలా ఉండాలో చెప్పినవాళ్లు లేక కాదు. 2006 ఆగస్టులో లా కమిషన్ తన 201వ నివేదిక ఇచ్చింది. ప్రమాద బాధితులకు, అత్యవసర స్థితిలో ఉన్నవారికి, ప్రసవ వేదనలో ఉన్న స్త్రీలకు వైద్యం అందించడం గురించి రాష్ట్రాలు చేసుకోదగ్గ నమూనా చట్టాన్ని అందులో పెట్టింది. అప్పుడు ఆ కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎం. జగన్నాధరావు. మన తెలుగాయన, ఒకప్పుడు మన హైకోర్టులోనే న్యాయమూర్తిగా చేసినవారు. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి కేంద్రం నమూనా ఇవ్వగలదు, చేసుకోవాల్సింది మనం. ఆ నమూనా వచ్చి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోండి.

అలాగని ఇప్పుడు మన చేతిలో ఏమీ లేదని కాదు. ఉన్నవి తెలియకపోవడం కూడా మన తప్పే. 1989లో పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: గాయపడి వచ్చిన మనిషికి ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాత. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా అంతే. 1996లో ఇంకో తీర్పు వచ్చింది. బెంగాల్‌లో రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒకాయనను ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు పడకలు లేవనీ, సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు తేల్చి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ కేసు వేసింది ఎవరనుకున్నారు? వ్యవసాయ కూలీల సంఘం. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. కూలీల సంఘం వేసిన కేసు ఇవాళ దేశమంతటా లా కాలేజీల్లో చదువుతున్నారు. ఈ మాట ఎందుకు చెప్తున్నామంటే, మన సంఘాల వల్ల ఏమవుతుందిలే అని ఇందాక టీ దగ్గర ఒక పెద్దమనిషి అన్నారు.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు సాయం చేసినవాడిని వేధించకూడదని 134ఏ సెక్షన్ చేర్చారు. ఆంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2025 మేలో రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం నోటిఫై చేసింది. మనలో బైకుల మీద ఫుడ్ డెలివరీ చేసే పిల్లలు చాలామంది ఉన్నారు, దీన్ని గుర్తుపెట్టుకోండి. అయితే అది రోడ్డు ప్రమాదానికే. అదే పిల్లాడు ఆర్డరు పట్టుకుని పద్నాలుగో అంతస్తులో గుండె పట్టుకుని పడిపోతే ఆ పథకం వర్తించదు.

బండ్ల సంగతికి వద్దాం. ఆంబులెన్సు ఎలా ఉండాలో ఏఐఎస్-125 అనే కేంద్ర ప్రమాణం ఉంది. అందులో నాలుగు రకాలు. మొదటిది రోగిని మోయదు, సాయం చేసే మనిషిని వేగంగా చేరుస్తుంది. రెండోది మామూలుగా రోగిని తరలించేది. మూడోది ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలతో, నాలుగోది వెంటిలేటరు వంటివాటితో. ఈ తేడా ఆసుపత్రి వాళ్లకు తెలుసు. మనకు మాత్రం అన్నీ తెల్లగా, మీద ఎర్ర లైటుతో ఒకేలా కనిపిస్తాయి. మాలో ఒకరు తండ్రిని ఇక్కడి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది. వెంటిలేటరు బండి అని చెప్పి డబ్బు తీసుకున్నారు. లోపల ఆక్సిజన్ సిలిండరు, పక్కన డ్రైవరు తమ్ముడు, అంతే. రేటు ఎంతని అడిగితే ‘ట్రాఫిక్‌ను బట్టి’ అన్నారట! ప్రైవేటు బండి తలుపు మీద అది ఏ రకమో, కిలోమీటరుకు ఎంతో, లోపల ఉండాల్సిన మనిషికి ఏ అర్హత ఉండాలో తెలుగులో పెద్దక్షరాలతో రాయించడానికి ఖజానా నుంచి పైసా ఖర్చు లేదు. ఆటోకు మీటరు పెట్టిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.

లోపల ఉండే ఆ మనిషి గురించి కూడా ఒక మాట. డాక్టరుకు రిజిస్ట్రేషన్ ఉంది, నర్సుకు ఉంది. ఆంబులెన్సులో మన ఛాతీ మీద చెయ్యి వేసే టెక్నీషియన్ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి అత్యవసర వైద్య టెక్నాలజిస్టును అందులో చేర్చింది. ఆ చట్టం ప్రకారం రిజిస్టరులో పేరున్నవాళ్లే ప్రతి బండిలోనూ ఉండాలని రాష్ట్ర నిబంధనల్లో రావాలి. మన పిల్లలకు ఇది బతుకుతెరువు కూడా. బీటెక్ ఒక్కటే చదువు కాదు.

ఇప్పుడు ఈ కారిడార్‌ సంగతి. 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో రైల్లో ఒక గుండెను తీసుకెళ్లారు. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. చూసి అందరం చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. పోలీసులు, మెట్రో, రెండు ఆసుపత్రులు ముందే మాట్లాడుకున్నాయి కాబట్టి అది సాధ్యమైంది. ముందే మాట్లాడుకోవడం అనేదాన్ని నిబంధనగా రాస్తే, ఒంట్లో ఉన్న గుండెకు కూడా అదే మర్యాద దక్కుతుంది.

దానికి తాళంచెవి ప్రభుత్వం దగ్గరే ఉంది. దుకాణాలు, సంస్థల చట్టం, 1988లోని కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇస్తూ వస్తున్నారు. రాత్రంతా ఆఫీసులు నడిచేది ఆ మినహాయింపు మీదే. దానికి షరతులు కూడా పెడుతున్నారు, రాత్రి షిఫ్టులో పనిచేసే ఆడవాళ్లకు రవాణా, భద్రత కల్పించాలని. ఆ షరతుల పక్కన ఇంకో నాలుగు వాక్యాలు చేర్చమని మేము అడుగుతున్నాం. 108 వస్తే గేటు పేరు అడగకుండా తెరుచుకోవాలి. ప్రతి బేస్‌మెంట్ స్తంభం మీద ఒక నంబరు ఉండాలి, ఆ నంబరు చెప్తే 108 వాళ్లకు చోటు తెలియాలి, అక్కడి నుంచి ఫోన్ కలవాలి. ప్రతి టవరులో స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఒకటి ఉండాలి. కొత్త భవనమైతే అది లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ప్రతి షిఫ్టులో సీపీఆర్ చేయగలవాళ్లు ఉండాలి, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె అందరికీ కనిపించేచోట ఉండాలి. పక్కనున్న కర్ణాటకలో పునీత్ రాజ్‌కుమార్ పేరు మీద పథకం పెట్టి ఆసుపత్రులకు, జనం తిరిగే చోట్లకు ఆ పెట్టెలు తెస్తున్నారు.

ఆ శిక్షణ ఎవరికి ఇవ్వాలన్నదగ్గర మాకు పట్టుదల ఉంది. ఐడీ కార్డు మెడలో వేసుకున్న ఉద్యోగులకు అప్పుడప్పుడు ఇస్తున్నారు, మంచిదే. కానీ రాత్రి రెండున్నరకు బేస్‌మెంట్‌లో ఉండేది ఎవరు? గార్డు, హౌస్‌కీపింగ్ అక్క, క్యాబ్ డ్రైవరు. అంటే కాంట్రాక్టరు మనుషులు, అంటే చాలావరకు మనవాళ్లే. వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, వాళ్లు నేర్చుకునే గంటలకు జీతం ఇవ్వాలి. ‘మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరుని అడగండి’ అనే మాట అత్యవసరంలో చెల్లకూడదని రాసి పెట్టాలి.

సెక్యూరిటీ అనే అభ్యంతరం వస్తుంది. డేటా సెంటర్లున్నాయి, ఎవరు పడితే వాళ్లు లోపలికి రాకూడదంటారు. ఫైరింజన్ వస్తే గేటు తెరవరా? అంతే ఇదీ.

ఇక మన ఊళ్ల సంగతి. నగరానికి రాసిన నిబంధనే అడవికీ సరిపోతుందనుకుంటే పొరపాటు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు, ఐదో పేరా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఒక చట్టాన్ని మార్పులతో వర్తింపజేసే అధికారం గవర్నరుకు ఉంది. గిరిజన సలహా మండలిని సంప్రదించి ప్రత్యేక రెగ్యులేషన్లూ చేయవచ్చు. మన భూములకు అండగా ఉన్న 1/70 అలా వచ్చిందే. భూమికి వాడిన అధికారాన్ని ప్రాణానికి వాడమని ఇంతవరకు మనం గట్టిగా అడగలేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల పరిధిలో, మన్ననూరు వైపు చెంచు పెంటల్లో, వానాకాలం నాలుగు నెలలు ఏ గూడేనికి బండి వెళ్లదో ఐటీడీఏ రాసి పెట్టాలి. ఆ గూడేల కోసం రోడ్డు ఆగేచోట బైకు ఆంబులెన్సు నిలపాలి. 2018లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సులని ఇలాంటివే తెచ్చారు. అయినా అక్కడ డోలీ మోతల వార్తలు ఆగలేదు, అది కూడా చెప్పుకోవాలి. బైకు వెళ్లని చోటుకు గూడెంలోనే ఇద్దరికి శిక్షణ, కిట్టు, నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. ఆశా కార్యకర్త నెత్తినే ఇదీ రుద్దకూడదు. ఫోన్ ఎత్తేచోట గోండి, కోయ, లంబాడి తెలిసినవాళ్లు ఉండాలి. నొప్పి ఎక్కడుందో పరాయి భాషలో చెప్పడం ఎంత కష్టమో మన అమ్మల్ని అడగండి.

నిబంధన రాస్తే వాగు మీద వంతెన లేస్తుందా అని మాలోనే వాదన జరిగింది. లేవదు. కానీ ఆలోచించండి. ఇవాళ కాగితం మీద ఆ కాల్ ‘ఇన్ని నిమిషాల్లో చేరింది’ అని ఉంటే ఆ గూడేనికి కష్టమే లేనట్టు లెక్క. కష్టం లేనిచోట వంతెనకు డబ్బు ఎవరిస్తారు? బండి ఆగిన సమయం ఒకటి, మనిషిని ముట్టుకున్న సమయం ఒకటి, రెండూ వేర్వేరుగా రాసి, మండలాల వారీగా, నగరంలో భవనాల వారీగా ఏటా బయటపెడితే, ఎక్కడ ఎన్ని నిమిషాలు పోతున్నాయో అసెంబ్లీలో మన ఎమ్మెల్యేలు అడగవచ్చు. లేదా అడగలేదని మనం వాళ్లను అడగవచ్చు.

ఇంకొకటి మరచిపోకూడదు. 2021 మేలో, కరోనా రెండో అలలో, ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న ఆంబులెన్సుల్ని సరిహద్దులో, పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు. ముందుగా అనుమతి ఉండాలన్నారు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ లోపు అక్కడ బండ్లలో ఉన్నవాళ్ల పరిస్థితి టీవీల్లో అందరం చూశాం. ఒక సర్క్యులర్ మీద ఆగిపోయేంత బలహీనంగా ఈ హక్కు ఉండకూడదు. మనవాళ్లకు సరిహద్దులు రెండున్నాయి. భద్రాచలం వాళ్లకు అటు ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్. ఆదిలాబాద్ వాళ్లకు మహారాష్ట్ర. దగ్గరి ఆసుపత్రి అవతలి రాష్ట్రంలో ఉంటే అక్కడికే తీసుకెళ్లాలి.

మన వైపు తప్పులూ ఉన్నాయి. మీరు పనిచేసే టవరు పేరు, బ్లాకు, ఏ గేటు దగ్గర అని ఇప్పుడే పక్కవాళ్లకు చెప్పి చూడండి. సగంమందికి రాదు, మాకూ రాలేదు. ఛాతీలో మంట అంటే గ్యాస్ అని సోడా తాగించేది మనమే. ఊళ్లో ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత అద్దె జీపు, ఆఖరికి 108. దాన్నీ మార్చుకోవాలి.

వినతిపత్రం సిద్ధంగా ఉంది. వైద్యారోగ్య శాఖకు ఒకటి, గిరిజన సంక్షేమ శాఖకు ఒకటి, గవర్నరు కార్యాలయానికి ఒకటి. ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం. సంతకం పెట్టినవాళ్లు కింద ఉన్న రెండు గళ్లూ నింపండి. మొదటి గడిలో మీ గూడెం లేదా తండా పేరు, వానాకాలంలో బండి ఎక్కడిదాకా వస్తుందో రాయండి. రెండో గడిలో మీరు పనిచేసే భవనం, గేటు నుంచి మీ సీటుకో, మీ డ్యూటీ చోటుకో నడిస్తే ఎన్ని నిమిషాలో రాయండి. తెలియకపోతే రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు గడియారం చూసుకుని నడిచి, మాకు ఫోన్ చేసి చెప్పండి. సీపీఆర్ నేర్పడానికి బొమ్మ తెచ్చాం, వెనక గదిలో ఉంది. గుస్సాడీ అయ్యాక భోజనాలకు వెళ్లేముందు రెండు నిమిషాలు దాని మీద చేతులు పెట్టి చూడండి. గార్డు డ్యూటీకి వెళ్లాల్సిన తమ్ముళ్లు ముందు రండి.